పాత తుపాకుల అనుబంధ పరికరాలు: గుర్తింపు పద్ధతి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాత తుపాకి ఒంటరిగా పనిచేసే ఆయుధం కాదు. మందుకొమ్ము, రంజకపు బుడ్డి, దట్టించే కడ్డీ, మెలిక కొక్కెం, గుండు అచ్చు, పానా మొదలైన చిన్న పరికరాల సమూహం తోడుంటేనే అది పనిచేసేది. కాలక్రమంలో ఈ పరికరాలు తుపాకుల నుంచి విడిపోయాయి. ఇళ్లలో, సంతల్లో, ప్రదర్శనశాలల్లో విడివిడిగా, తరచుగా తప్పుడు పేర్లతో మిగిలాయి. పరికరాన్ని దాని రూపసాదృశ్యంతో కాక, దట్టింపు క్రమంలో అది నెరవేర్చిన పనితో గుర్తించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. వత్తి తుపాకి, చెకుముకి తుపాకి, టోపీ తుపాకి, తూటా తుపాకి అనే నాలుగు దశల వారీగా పరికరాలను వర్గీకరించి, పొరపాట్లకు ఆస్కారమిచ్చే వస్తువులను, పరిశీలనలో పాటించవలసిన జాగ్రత్తలను ఇది వివరిస్తుంది.

కీలకపదాలు: తుపాకి, రంజకం, మందుకొమ్ము, చెకుముకి, గుండు అచ్చు, తూటా, వస్తుసంస్కృతి, ప్రదర్శనశాల నమోదు.

1. ఉపోద్ఘాతం

ఆయుధ చరిత్ర రచనలో కత్తికి, ఫిరంగికి, తుపాకికి దక్కిన స్థానం వాటి వెంట నడిచిన చిన్న పనిముట్లకు దక్కలేదు. తుపాకిపై తయారీదారు పేరు, తేదీ, ప్రభువు బిరుదు ఉండవచ్చు. మందు పోసే బుడ్డిపైన, రంధ్రం శుభ్రపరచే సూదిపైన అటువంటివి అరుదు. అయితే తుపాకి పట్టిన సామాన్య సైనికుడి చేయి ఎక్కువసేపు మెలిగింది ఈ పనిముట్లతోనే. గురిచూసి కాల్చడానికి పట్టే కాలం కంటే మందు పోయడానికి, దట్టించడానికి, తుడవడానికి పట్టే కాలం చాలా ఎక్కువ.

తెలుగు భాషే ఇందుకు ఒక సాక్ష్యం. ‘మందుగుండు’ అనే సమాసం నేడు బాణసంచాకు కూడా వాడుకలో ఉంది. దానిని విడదీస్తే మందు, గుండు అనే రెండు వేర్వేరు వస్తువులు కనిపిస్తాయి. మూతి నుంచి దట్టించే కాలంలో ఈ రెండింటినీ వేర్వేరు పాత్రలలో మోసేవారు. మందుకు బుడ్డి, గుండ్లకు సంచి. ఆ విభజనను సమాసం ఇప్పటికీ భద్రపరుస్తోంది. తుర్కీ మూలం నుంచి వచ్చిన ‘తుపాకి’, ‘ఫ్రాంకు’ శబ్దభవమైన ‘ఫిరంగి’ ఆయుధాలు వచ్చిన దారులను చెబితే, ‘దట్టించు’ వంటి క్రియలు వాటిని వాడిన విధానాన్ని చెబుతాయి. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం ఉన్న ప్రాంతానికి ‘తోప్ కా సాంచా’ అన్న పేరు నిలిచింది. సాంచా అంటే అచ్చు. ఒక పనిముట్టు పేరే స్థలనామం కావడం విశేషం.

పనిముట్టును తప్పుగా గుర్తిస్తే వస్తువుతో పాటు ఈ పని చరిత్ర కూడా చెరిగిపోతుంది. రంజకపు బుడ్డికి ‘అత్తరు బుడ్డి’ అని చీటీ తగిలిస్తే, ఆ తరువాతి పరిశోధకుడు దానిని ఆయుధ చరిత్రలో వెతకడు. అందుచేత గుర్తింపు పద్ధతిని స్పష్టంగా నిర్వచించుకోవడం అవసరం.

2. గుర్తింపుకు ఆధారం: దట్టింపు క్రమం

మూతి నుంచి దట్టించే తుపాకిలో పని వరుస స్థిరమైనది. కొలిచిన మందును గొట్టంలో పోయాలి. గుండును, అవసరమైతే గుడ్డనో కాగితాన్నో దానిపై పెట్టాలి. కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం దగ్గర నిప్పు అందేలా చూడాలి. కాల్చిన తరువాత గొట్టాన్ని, రంధ్రాన్ని శుభ్రం చేయాలి. కాల్పు జరగకపోతే లోపలున్నదానిని వెనక్కి తీయాలి.

ఈ వరుసలోని ప్రతి అడుగుకూ ఒక పనిముట్టు ఉంది. కాబట్టి తెలియని వస్తువు చేతికి వచ్చినప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న ‘ఇది దేనిలా ఉంది?’ అన్నది కాక, ‘ఇది ఏ అడుగులో పనికి వస్తుంది?’ అన్నది కావాలి. అది కొలుస్తుందా, పోస్తుందా, దట్టిస్తుందా, గుచ్చుతుందా, పట్టి లాగుతుందా, విప్పుతుందా, అచ్చు పోస్తుందా అని చూడాలి. పని నిర్ధారణ అయిన తరువాత దశను, ఆపైన దేశకాలాలను, చివరగా తయారీదారును నిర్ణయించాలి. ఈ క్రమం తారుమారైతే అలంకారాన్ని చూసి కాలాన్ని, కాలాన్ని చూసి పనిని ఊహించే ప్రమాదం ఉంది.

శుభ్రపరచే పనిముట్లు ఎక్కువగా దొరకడానికి కారణం మందు స్వభావమే. సురేకారం సుమారు 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లుగా కలిపిన నల్లమందు మండినప్పుడు సగానికి పైగా పదార్థం వాయువుగా మారక, మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. అది తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. అక్బరు కాలంలో ఒక ఎద్దు తిప్పే చక్రంతో ఏకకాలంలో 16 తుపాకి గొట్టాలను శుభ్రపరచే యంత్రం ఉండేదని ‘ఆయినీ అక్బరీ’ వర్ణించింది. తుపాకి ఉన్నచోట తుడవడం ఎంత పెద్ద పనో ఈ వర్ణన తెలుపుతుంది.

3. వత్తి తుపాకి పరికరాలు

సురేకారంలో నానబెట్టి ఆరబెట్టిన తాడును వెలిగించి, దాని నిప్పును రంజకానికి అందించే తుపాకి ఇది. హిందుస్తానీలో దీనిని తోడాదార్ అన్నారు. తోడా అంటే ఆ వత్తి. 1526 నాటి పానిపట్టు యుద్ధంలో బాబరు సైన్యం ఫిరంగులతో పాటు వీటిని వాడింది. భారతదేశంలో చెకుముకి తుపాకి వచ్చిన తరువాత కూడా, 19వ శతాబ్దిలో సైతం, ఇవి వాడుకలో కొనసాగాయి. అందువల్ల ఇది ‘పాత పద్ధతి’ కనుక వస్తువు కూడా చాలా పాతదని భావించడానికి వీలులేదు.

ఈ దశకు చెందిన పాత్రలలో రెండు పరిమాణాలు కనిపిస్తాయి. పెద్దదానిలో గొట్టంలో పోసే ముతక మందు, చిన్నదానిలో రంజకంగా వాడే మెత్తని మందు ఉండేవి. పశువు కొమ్ముతో చేసిన మందుకొమ్ములో వెడల్పైన వైపు చెక్కతోనో లోహంతోనో మూత బిగిస్తారు. సన్నని కొస నుంచి మందు పోస్తారు. కొమ్ము వాద్యంలో ఊదే కొస తెరిచి ఉంటుంది, వెడల్పు వైపు మూత ఉండదు. ఈ ఒక్క భేదం చాలా సందేహాలను తీరుస్తుంది.

రంజకపు బుడ్డి చేతిలో ఇమిడేంత చిన్నది. మొఘల్ కాలపు బుడ్లలో దంతంతో చెక్కినవి, వంపు తిరిగిన ఒడలిపై జింక తల, ఇతర జంతువుల రూపాలు కలిపి మలచినవి ప్రసిద్ధం. ముత్యపు చిప్ప పొదిగినవి, శంఖజాతి గవ్వలతో చేసినవి కూడా ఉన్నాయి. అందమైన ఈ పనితనమే వీటిని అలంకార వస్తువులుగా పొరబడటానికి కారణమవుతుంది. గుర్తింపుకు ఆధారం మూతి. సన్నని మూతిపై స్ప్రింగుతో బిగిసి ఉండే చిన్న మూత, దానిని బొటనవేలితో నొక్కితే తెరుచుకునే మీట ఉంటే అది రంజకపు బుడ్డి. ఒంటి చేత్తో కొద్దికొద్దిగా మందు వదలడానికే ఈ ఏర్పాటు. అత్తరు బుడ్డికి ఇటువంటి మీట అవసరం లేదు. దానికి ద్రవం కారకుండా బిగుసుకునే బిరడా కావాలి.

మూడో పరికరం సూది. కాల్చినకొద్దీ రంజకపు రంధ్రం మసితో పూడుకుపోతుంది. దానిని తెరవడానికి సన్నని లోహపు సూది అవసరం. భారతీయ వత్తి తుపాకులలో ఇది తరచుగా చిన్న గొలుసుతో తుపాకి కొయ్యకే వేలాడుతూ ఉంటుంది. విడిపోయి దొరికినప్పుడు దీనిని సుర్మా పుల్లగానో, చెవిపుల్లగానో పొరబడటం సహజం. సుర్మా పుల్ల కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. రంజకపు సూది కొస మొనదేలి ఉంటుంది. రెండో చివర గొలుసు తగిలించే ఉంగరం ఉంటుంది.

4. చెకుముకి తుపాకి పరికరాలు

రాతిని ఉక్కుపై కొట్టి నిప్పురవ్వ పుట్టించే విధానం 18వ శతాబ్ది సైన్యాలలో స్థిరపడింది. ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం చేయించిన 39 అంగుళాల గొట్టం గల నమూనాను 1790ల చివర బ్రిటిష్ ప్రభుత్వం కూడా స్వీకరించింది. ‘ఇండియా పాటర్న్’గా పేరుపడిన ఈ తుపాకి గొట్టపు రంధ్రం సుమారు 0.75 అంగుళం.

ఈ దశకు ప్రత్యేకమైన వస్తువు రాయి. మొన కొట్టి చదును చేసిన చెకుముకి ముక్కలు ఇంగ్లండులోని బ్రాండన్ నుంచి వచ్చినవైతే నలుపుగా, ఫ్రాన్సు నుంచి వచ్చినవైతే ఎక్కువగా తేనెరంగులో ఉంటాయి. వాటిని మర దవడల మధ్య జారకుండా పట్టి ఉంచడానికి తోలు ముక్కనో సీసపు రేకునో చుట్టేవారు. మడతపడిన చిన్న సీసపు రేకు తవ్వకాలలోనో, పాత సంచిలోనో దొరికితే దానిని పారవేయకూడదు.

సైనికుడి వద్ద సూదితో పాటు రంజకపు గిన్నెను తుడిచే చిన్న కుంచె ఉండేది. ఈ రెండింటినీ ఒకే గొలుసుకు కట్టి తోలుపట్టీకి తగిలించుకునేవారు. కుంచె వెంట్రుకలు రాలిపోయి తీగ మాత్రమే మిగిలినవి ఎక్కువ కనుక జతగా ఉన్న గొలుసును ముఖ్య ఆధారంగా తీసుకోవాలి.

దట్టించే కడ్డీని హిందుస్తానీలో గజ్ అన్నారు. తొలుత ఇది చెక్కతో ఉండేది. ప్రష్యా సైన్యం 18వ శతాబ్ది తొలి భాగంలో ఇనుప కడ్డీని వాడుకలోకి తెచ్చింది. క్రమంగా ఇతర సైన్యాలూ అనుసరించాయి. కడ్డీ చివర మర ఉంటే, దానికి బిగించే కొసలు ఉండేవని అర్థం. ఆ కొసలు రెండు రకాలు. రెండు తీగలు పెనవేసుకున్నట్లు తిరిగే మెలిక కొక్కెం గుడ్డను, పీచును పట్టి తుడవడానికి, కాగితపు కూరును లాగడానికి ఉపయోగపడుతుంది. వడ్రంగి మరమేకులా ఒకే మొన గలది గుండులోకి దిగి దానిని బయటకు లాగడానికి. సీసం మెత్తన కనుక మొన అందులోకి దిగుతుంది. ఈ రెండింటినీ సీసా బిరడా తీసే పనిముట్టుగా నమోదు చేయడం తరచుగా జరిగే పొరపాటు. బిరడా తీసేదానికి చేతిపిడి ఉంటుంది. తుపాకి కొసకు పిడి ఉండదు, మర చుట్లు ఉంటాయి.

5. టోపీ తుపాకి పరికరాలు

స్కాట్లండుకు చెందిన మతాచార్యుడు అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్ దెబ్బకు పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతికి 1807లో పేటెంటు పొందాడు. ఆ తరువాత వచ్చిన చిన్న రాగి టోపీలు ఈ పద్ధతిని సులభం చేశాయి. రంజకపు గిన్నె స్థానంలో, టోపీ కూర్చునే సన్నని రంధ్రం గల ఉక్కు మొన వచ్చింది. దీనిని నిపిల్ అంటారు. హిందుస్తానీలో ఈ తుపాకి టోపీదార్ అయింది.

రంజకం పోయింది కనుక రంజకపు బుడ్డి అవసరం తీరింది. నిపిల్ విప్పడానికి పానా, దాని రంధ్రానికి సూది, టోపీలు మోయడానికి చిన్న తోలుసంచి, వాటిని ఒక్కొక్కటిగా అందించే ఇత్తడి సాధనం కొత్తగా చేరాయి. చివరి సాధనం గుండ్రని గడియారం పెట్టెలా ఉండటం వల్ల తికమక పెడుతుంది. లోపల స్ప్రింగు, అంచున ఒక్క టోపీ మాత్రమే పట్టే సందు ఉంటే సందేహం తీరుతుంది. నిపిల్ పానాను గోడగడియారం తాళంచెవిగా భావించడం మరొక పొరపాటు. పానా ఉక్కుతో, మందమైన గోడలతో, బలంగా తిప్పడానికి అనువైన అడ్డపిడితో ఉంటుంది.

1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకితో వచ్చిన పనిముట్టులో పానా, మరలు విప్పే చదునైన కొసలు, సూది, నూనె బుడ్డి వంటివన్నీ ఒకే వస్తువులో కలిసి ఉంటాయి. ఈ తుపాకి కొవ్వు పూసిన కాగితపు తూటాయే 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటి. తూటాను పళ్లతో కొరికి మందు పోయవలసి ఉండటం, కొవ్వు ఆవుదో పందిదో అన్న అనుమానం సిపాయిలను కలచివేశాయి. తరువాత చేత్తో చింపే విధంగా కవాతును మార్చినా అనుమానం తీరలేదు. దట్టింపు క్రమంలోని ఒక్క అడుగు ఎంత చరిత్రను మోయగలదో ఈ ఘట్టం చూపుతుంది. అయినా ఎన్‌ఫీల్డు పనిముట్టు దొరికిన ప్రతిచోటా దానిని ‘1857 సిపాయి పనిముట్టు’ అని రాయడం తగదు. ఆ తుపాకి అనేక దేశాలలో, ఆ తరువాతి కాలంలో కూడా వాడుకలో ఉంది.

వేటగాళ్ల రాగి, ఇత్తడి మందుబుడ్లు ఈ దశలోనే విస్తరించాయి. షెఫీల్డుకు చెందిన జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, హాక్స్‌లీ సంస్థల ముద్రలు వీటిపై తరచుగా కనిపిస్తాయి. మూతి గొట్టంపై గల అంకెలు మందు కొలత. ఒక డ్రాము సుమారు 1.77 గ్రాములు. చిన్న సీసపు గుండ్ల కోసం వాడిన తోలుసంచి మూతి దీనికంటే వెడల్పుగా ఉంటుంది, కొలత ఔన్సులలో ఉంటుంది.

6. గుండు అచ్చులు: అంకెల భాష

పట్టకారులా తెరుచుకునే గుండు అచ్చులో రెండు అర్ధగోళాకార గుంటలు కలిసి ఒక గుండు అవుతాయి. కరిగిన సీసం పోసే కంత, పోతలో మిగిలిన తోకను కత్తిరించే అంచు దీని లక్షణాలు. అచ్చుపై గల అంకెను చదవడంలోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

పాత బ్రిటిష్ పద్ధతిలో అంకె ఒక పౌను సీసంతో ఎన్ని గుండ్లు వస్తాయో చెబుతుంది. కాబట్టి అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది. 12 అంటే సుమారు 18.5 మి.మీ., 16 అంటే సుమారు 16.8 మి.మీ. వ్యాసం. మరో పద్ధతిలో అంకె అంగుళంలో వెయ్యో వంతులను సూచిస్తుంది. ‘24’ అని ఒక అచ్చుపై, ‘577’ అని మరో అచ్చుపై ఉంటే అవి ఎంతో భిన్నమైనవిగా కనిపిస్తాయి. లెక్కిస్తే రెండూ దాదాపు 14.7 మి.మీ. దగ్గరే వస్తాయి. అందుచేత అంకెను నమోదు చేయడంతో సరిపెట్టకుండా గుంట వ్యాసాన్ని కూడా కొలిచి రాయాలి. మూతి నుంచి దట్టించే తుపాకిలో గుండు సాధారణంగా గొట్టం కంటే కొంచెం చిన్నదిగా ఉంటుందన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. ఇండియా పాటర్న్ గొట్టం 0.75 అంగుళమైతే దాని గుండు సుమారు 0.69 అంగుళమే.

7. తూటా తుపాకి పరికరాలు

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో వెనుక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి. మందు, గుండు, టోపీ ఒకే పొట్లంలో చేరాయి. దట్టింపు పని సైనికుడి చేతి నుంచి కర్మాగారానికి మారింది. వేటగాళ్లు మాత్రం వాడిన తూటా గొట్టాలను తిరిగి నింపుకునేవారు. పాత టోపీ తీసి కొత్తది బిగించే సాధనం, మందును, గుండ్లను కొలిచే పిడిగల గిన్నె, అట్టబిళ్లలు కత్తిరించే గుండ్రని ఉలి, తూటా అంచును లోపలికి మడిచే తిరుగుడు సాధనం ఈ కాలానివి. చివరిదానికి బల్లకు బిగించే పట్టు, చేత్తో తిప్పే పిడి ఉండటం వల్ల దానిని వంటింటి సాధనంగా పొరబడతారు. బిళ్లల ఉలిని తోలుపని ఉలి నుంచి వేరు చేయడానికి దానిపై గల 12, 16, 20 వంటి అంకెలు తోడ్పడతాయి.

8. సందిగ్ధ వస్తువులు, నకిలీలు

రూపం ఎంత మోసం చేయగలదో చూపే మంచి ఉదాహరణ మందు పరీక్షా యంత్రం. గొట్టం లేని పిస్తోలులా కనిపించే దీనిలో కొద్దిపాటి మందు పేల్చితే అంకెలు గల చక్రం తిరిగి మందు బలాన్ని చూపుతుంది. దాదాపు ఇదే రూపంలో చెకుముకితో దీపం వెలిగించుకునే గృహోపకరణమూ ఉంది. అంకెల చక్రం ఉంటే మొదటిది. దూది ఉంచే అర, కొవ్వొత్తి నిలిపే గొట్టం, బల్లపై నిలబడే కాళ్లు ఉంటే రెండోది.

పెట్టెలో అమర్చిన పిస్తోలు సామగ్రి విషయంలో గదుల అమరికను పరిశీలించాలి. ఇంగ్లీషు పెట్టెలలో సాధారణంగా తిన్నని అడ్డుపలకలతో గదులు చేస్తారు. ఫ్రెంచి పద్ధతిలో ప్రతి వస్తువు ఆకారానికి సరిపోయేలా గుంట తీస్తారు. గుంటలో ఇమడని పనిముట్టు తరువాత చేర్చినదై ఉంటుంది. అమ్మకందారులు ఖాళీలు పూరించడం సాధారణం.

కంపెనీ ముద్రలు కాలనిర్ణయానికి ఉపకరిస్తాయి. హృదయాకారంలో అక్షరాలు గల ముద్ర ముందు కాలానిది; కిరీటం పట్టిన సింహపు ముద్ర 19వ శతాబ్ది తొలి దశకం చివరి నుంచి వాడుకలోకి వచ్చినది. ముద్ర ఉన్నంత మాత్రాన వస్తువు అసలుదని కాదు. మొఘల్ శైలి బుడ్లను ఎముకతో, చెక్కతో, ఇత్తడి పొదుగుతో పర్యాటకుల కోసం నేటికీ చేస్తున్నారు. ఏనుగు దంతపు అడ్డుకోతలో ఒకదానినొకటి ఖండించే సన్నని గీతలు కనిపిస్తాయి. ఎముకలో చిన్న చిన్న నల్లని చుక్కలు కనిపిస్తాయి. అరుగుదల కూడా పనిని అనుసరించాలి. బుడ్డి మీట వద్ద బొటనవేలు తగిలేచోట, ఉంగరం వేలాడేచోట అరుగుదల ఉండాలి. అంతటా సమానంగా నల్లబడిన లోహం అనుమానించదగినది.

9. భద్రత, నమోదు

ఈ వస్తువుల పరిశీలన కేవలం పండితచర్చ కాదు. పొడిగా ఉన్న నల్లమందు దశాబ్దాలు గడిచినా పేలే గుణాన్ని కోల్పోదు. పాత బుడ్డిని వేడిచేయడం, మూతిని నిప్పుతో శుభ్రపరచడం ప్రమాదకరం. పాత టోపీలలోని రసాయనం చిన్న దెబ్బకే పేలవచ్చు. మూతి నుంచి దట్టించే తుపాకి మందుతోనే గోడకు వేలాడుతూ ఉండవచ్చు. కడ్డీ లోపలికి దిగిన కొలతను గొట్టం బయట పోల్చి చూసినప్పుడు అది రంజకపు రంధ్రం దాకా రాకపోతే లోపల ఏదో ఉందని భావించి, నిపుణులకు అప్పగించాలి. ఆ పరీక్ష చేసేటప్పుడు కూడా మూతికి ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

తోమి మెరుగు పెట్టడం మరో నష్టం. ఇసుక కాగితం, చింతపండు, ఆమ్లాలు వాడితే ముద్రలు, అరుగుదల గుర్తులు, మసి ఆనవాళ్లు పోతాయి. ఇవే గుర్తింపుకు మూలాధారాలు. నూరేళ్లు పైబడిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం, ఆయుధ భాగాలకు 1959 నాటి ఆయుధాల చట్టం వర్తించే అవకాశం ఉన్నందున సేకరణకర్తలు వాటిని తెలుసుకోవాలి.

నమోదులో నాలుగు అంశాలు తప్పనిసరి: కొలతలు, పదార్థం, అరుగుదల ఉన్న చోటు, దొరికిన సందర్భం. పేరు ఆ తరువాతి అంశం. పని నిర్ధారణ కానప్పుడు ‘గుర్తించవలసి ఉంది’ అని రాయడం లోపం కాదు. ఊహించి పెట్టిన పేరు ఒకసారి నమోదైతే దానిని తొలగించడం మరింత కష్టం. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాల వంటి ఆయుధ సేకరణలను, 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు నిఘంటువు వంటి సమకాలిక గ్రంథాలను పక్కపక్కన ఉంచి చదివితే వస్తువుకు తగిన దేశీయ పదం దొరికే అవకాశం ఉంది. ఆ నిఘంటువు నాటికి వత్తి, చెకుముకి, టోపీ తుపాకులు మూడూ వాడుకలో ఉన్నవే.

10. ఉపసంహారం

పాత తుపాకి అనుబంధ పరికరాలను రూపసాదృశ్యంతో గుర్తించడం వల్ల రంజకపు బుడ్డి అత్తరు బుడ్డిగా, సూది సుర్మా పుల్లగా, మెలిక కొక్కెం బిరడా తీసే సాధనంగా మారిపోతున్నాయి. దట్టింపు క్రమంలోని ఏ అడుగుకు ఏ పనిముట్టు అవసరమో తెలుసుకుని పరిశీలిస్తే ఈ పొరపాట్లలో అధికభాగం తొలగుతాయి. మొదట పని, తరువాత దశ, ఆపైన దేశకాలాలు, చివరగా తయారీదారు అనే వరుసను పాటించడం ఈ పద్ధతికి కీలకం.

ఈ పనిముట్లు యుద్ధం గెలిచిన ప్రభువుల పేర్లు చెప్పవు. మసిపట్టిన రంధ్రాన్ని గుచ్చి తెరిచిన చేతిని, సీసం కరిగించి గుండు పోసిన చేతిని, మీటపై అరిగిన బొటనవేలి జాడను చూపుతాయి. శాసనాలు, కైఫియతులు నమోదు చేయని శ్రమకు ఇవి ఆధారాలు. తెలుగునాట ఇళ్లలో, సంస్థానాల మిగుళ్లలో, ప్రదర్శనశాలల నిల్వగదుల్లో ఉన్న ఇటువంటి వస్తువులను కొలతలతో, దేశీయ పదాలతో నమోదు చేయడం ఈ దిశలో తరువాత జరగవలసిన పని.